చీటీలు సర్దుకుంటేనే చరిత్ర

వేసవి సెలవులకు ముందు మా చరిత్ర సార్ తరగతిలో అందరికీ ఒక పని పెట్టారు. “మీ ఊరి చరిత్ర మీరే రాసుకుని రండి. పుస్తకం చూసి దించొద్దు. ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, గుడి చూడండి, చెరువు చూడండి, రాళ్ళు చూడండి. పది పేజీలు చాలు” అన్నారు. మాకందరికీ సంతోషమైంది. పరీక్ష కాదు కదా, పది పేజీలే కదా, రాసేస్తాం అనుకున్నాం. నేనైతే అందరికన్నా ముందు ఇచ్చేస్తానని స్నేహితురాళ్ళతో పందెం కూడా వేశాను.

ఆ పందెం ఓడిపోయాను. ఎందుకు ఓడిపోయానో, దానివల్ల ఏం నేర్చుకున్నానో చెప్పడానికే ఈ వ్యాసం.

మాది హోసూరు నుంచి డెంకణికోట పోయే దారిలో కొంచెం లోపలికి ఉండే చిన్న ఊరు. మేము ఇంట్లో తెలుగు, బస్సులో తమిళం, సంతలో కన్నడం మాట్లాడతాం. మా ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నారు. తెలుగు చదివి రాసేవాళ్ళు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. అందుకని ఊరి సంగతులన్నీ నోటిమాటగానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం మా తాతకు తెలుసు. నేను చిన్నప్పటి నుంచి తాత పక్కన కూర్చుని విన్నదాన్నే. కాబట్టి ఈ పని నాకు తేలిక అనుకున్నాను.

సెలవుల్లో రోజూ సాయంత్రం తాతను అడిగాను. తాత అరుగు మీద కూర్చుని చెప్తా ఉంటే చేతికి ఏది దొరికితే దాని మీద రాసుకున్నాను. లెక్కల నోటు వెనక కొంత, అంగడి చీటీ వెనక కొంత, చింపిన క్యాలెండర్ కాగితం మీద కొంత, బస్సు టికెట్టు వెనక ఒక పేరు. కొన్ని నాయన ఫోనులో కొట్టి పెట్టాను. తాత ఒకరోజు నా కాగితాలు చూసి నవ్వి, “ఏమ్మా, ఇట్లా రాసుకొంటే రేపు నీకే అర్థమవుతుందా? నేను పోయినాక ఎవుర్ని అడుగుతావు?” అన్నాడు. నేను కూడా నవ్వేశాను.

ఆషాఢంలో తాత చనిపోయాడు.

సార్ అడిగిన ఒక్క ప్రశ్న

నెల రోజుల తర్వాత ఆ కాగితాలన్నీ ముందేసుకుని పది పేజీలు రాసి సార్‌కు ఇచ్చాను. సార్ చదివి రెండు చోట్ల ఎర్ర సిరాతో గీత గీశారు.

మొదటి గీత: “1792లో హోసూరు బారామహల్‌తో పాటు ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది” అని నేను రాసిన వాక్యం కింద. సార్ చెప్పింది ఇది. 1792లో శ్రీరంగపట్నం ఒప్పందం ప్రకారం టిప్పు సుల్తాన్ కంపెనీవాళ్ళకు ఇచ్చింది కృష్ణగిరి, ధర్మపురి వైపు ఉన్న బారామహల్‌ను, సేలం సీమను. హోసూరు కనుమలకు పైన ఉన్న సీమ. అది అప్పుడు మైసూరు కిందే ఉండిపోయింది. 1799లో టిప్పు చనిపోయిన తర్వాతనే కంపెనీకి వచ్చి సేలం జిల్లాలో కలిసింది. మరి నేను ఎక్కడ చూసి అట్లా రాశాను? కాగితాలన్నీ వెతికితే ఒక చీటీ దొరికింది. దాని మీద “బారామహల్ 1792” అని మాత్రమే ఉంది. ఏ పుస్తకమో లేదు, ఏ పేజీనో లేదు. రెండు నెలల తర్వాత ఆ రెండు మాటలు చూసి మిగతా వాక్యం నా తలలోంచి అల్లేశాను.

రెండో గీత: “మా ఊరి చెరువు గట్టును 1876–78 కరువులో కట్టారు, ఇది మా తాత చెప్పాడు” అన్న వాక్యం కింద. సార్ ఇది తప్పు అనలేదు. ఒక్క ప్రశ్న అడిగారు. “1876 అని తాత చెప్పారా, నువ్వు రాశావా?”

నేను నోరు తెరిచాను గానీ జవాబు రాలేదు. తాత మాట నాకు బాగా గుర్తుంది. “మా తాత చిన్నపిల్లోడుగా ఉన్నప్పుడు కట్టింది మా, ఈ గట్టు. కరువు కాలంలో. కూలికి దుడ్డు ఇయ్యలేదు, రాగులు కొలిచి ఇచ్చినారు” అన్నాడు. సంవత్సరం చెప్పాడా? ధాత కరువు అన్నాడా? లేకపోతే పాఠ్యపుస్తకంలో పెద్ద కరువు అని చదివి నేనే ఆ సంవత్సరాన్ని తగిలించానా? క్యాలెండర్ కాగితం మీద “చెరువు - కరువు - రాగులు - 1876” అని ఉంది. నాలుగు మాటలూ ఒకే పెన్నుతో, ఒకే వరసలో ఉన్నాయి. ఏది తాతది, ఏది నాది అని ఆ కాగితం చెప్పడం లేదు. చెప్పగలిగిన మనిషి లేడు.

ఆ రోజు ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చాను. తాత పోయినప్పుడు ఒకసారి పోయాడు, నా చేతులతో నేను ఇంకోసారి పోగొట్టుకున్నాను అనిపించింది.

మరుసటి రోజు సార్ నన్ను పిలిచి, “నువ్వొక్కదానివే కాదు, ఇట్లాంటి పని చేసిన పెద్ద పెద్దవాళ్ళందరికీ ఈ కష్టం వచ్చింది. వాళ్ళు ఏం చేశారో చదువు, తర్వాత మళ్ళీ రాద్దువు గాని” అన్నారు. అట్లా నేను చదివిన సంగతులు కొన్ని ఇప్పుడు చెప్తాను.

ఏలూరు నుంచి వచ్చిన అన్నదమ్ములు

కాలిన్ మెకంజీ స్కాట్లండ్ దేశపు లూయిస్ దీవిలో పుట్టినవాడు. 1783లో కంపెనీ కొలువులో మద్రాసు వచ్చాడు. టిప్పు చనిపోయాక మైసూరు సీమనంతా కొలిచి పటాలు గీసే పని ఆయనకు ఇచ్చారు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. నేల కొలవడంతో ఆగకుండా, ఆ నేల మీద ఉన్న ఊళ్ళ చరిత్రలు, శాసనాలు, నాణేలు, తాళపత్రాలు కూడా సేకరించాడు. ఆయనకు మన భాషలు రావు. మరి ఎట్లా సేకరించాడు?

ఆ పని చేసింది మనవాళ్ళు. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముళ్ళు లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య పాత కన్నడ లిపిలో ఉన్న శాసనాలను కూడా చదవగలిగేవాడు. ఆయన 1803లో, ముప్పై ఏళ్ళు నిండకముందే చనిపోయాడు. ఆ తర్వాత లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. వాళ్ళ కింద ఇంకా చాలామంది సహాయకులు ఊరూరూ తిరిగారు. కరణాల దగ్గర తరతరాలుగా ఉన్న కవిలెలు చూసి నకళ్ళు రాశారు, పెద్దలను అడిగి రాశారు. అట్లా రాసినవాటినే కైఫీయతులు అంటారు. ఊరికి ఆ పేరు ఎందుకు వచ్చింది, ఎవరెవరు ఏలారు, గుడి ఎవరు కట్టించారు, చెరువులు, బావులు, తోటలు ఎన్ని, ఎల్లలు ఎక్కడివరకు అనే సంగతులు వాటిలో ఉంటాయి.

నాకు ఇందులో బాగా నచ్చింది ఒకటుంది. ఆ సహాయకులు సేకరించిన కాగితాలు మాత్రమే పంపలేదు. తాము ఏ ఊరు పోయిందీ, ఎవరిని కలిసిందీ, ఎవరు ఇచ్చారో, ఎవరు ఇవ్వమన్నారో కూడా రాసి పంపేవాళ్ళు. అంటే చరిత్ర ఒక కాగితం మీద, ఆ చరిత్ర తమకు ఎట్లా దొరికిందో ఇంకో కాగితం మీద రాశారు. రెండు వందల సంవత్సరాల తర్వాత చదివేవాళ్ళకు ఆ రెండో కాగితమే నమ్మకం ఇస్తుంది. నా క్యాలెండర్ చీటీకి లేనిది ఆ రెండో కాగితమే.

అయితే మెకంజీ కథలో దుఃఖం కూడా ఉంది. సేకరించడానికే జీవితమంతా సరిపోయింది. తన దగ్గర ఏమేమి ఉన్నాయో ఒక పట్టిక వేయాలని అనుకుంటూనే 1821లో ఆయన కలకత్తాలో చనిపోయాడు. ఆయన భార్య దగ్గర కంపెనీ లక్ష రూపాయలకు ఆ సేకరణను కొన్నది. హెచ్.హెచ్. విల్సన్ అనే పండితుడు కూర్చుని పట్టిక తయారుచేసి 1828లో అచ్చువేయించాడు. శాసనాల నకళ్ళే 8,076, స్థానిక చరిత్రలు 2,070 అని అందులో లెక్క ఉంది. సేకరించినవాడు వేరు, సర్దినవాడు వేరు. సేకరించినవాడి తలలో ఉన్న సంగతులు సర్దినవాడికి ఎట్లా తెలుస్తాయి?

తెలిసిన మనిషి ఒకడు అప్పటికి బతికే ఉన్నాడు. లక్ష్మయ్య. ఆ పనిని తాను కొనసాగిస్తానని 1830లలో ఆయన అడిగాడు. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పెద్దలు ఒప్పుకోలేదు. ఒక నేటివు మనిషి అంత పెద్ద పని చేయలేడని అనుకున్నారు. ఆ పని తర్వాత విలియం టేలర్ అనే పాదిరీకి పోయింది. ఊరూరూ తిరిగి చీటీలు రాసి తెచ్చినవాడికి ఆ చీటీలతో చరిత్ర రాసే అవకాశం ఇవ్వలేదన్నమాట. ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. తమ్ముడు రామస్వామి మాత్రం 1829లోనే దక్కను కవుల జీవితాల గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకం రాసి అచ్చువేయించాడు. చేతనవుతుందా లేదా అనేదానికి ఆ పుస్తకమే జవాబు.

1816లో థామస్ హిక్కీ అనే చిత్రకారుడు మెకంజీ బొమ్మ వేశాడు. ఎర్ర కోటు తొడుక్కున్న మెకంజీ చుట్టూ ముగ్గురు భారతీయులు నిలబడి ఉంటారు. ఒకతని చేతిలో తాటాకుల పుస్తకం ఉంటుంది. మీకు ఆ బొమ్మ ఎక్కడైనా కనిపిస్తే మధ్యలో ఉన్న దొరను చూసి ఊరుకోకండి, పక్కన ఉన్నవాళ్ళను కూడా చూడండి.

మన కృష్ణగిరి కాగితాలు

మెకంజీ సంగతి దూరం అనుకుంటే, మన పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. 1792లో బారామహల్ కంపెనీ చేతికి వచ్చినప్పుడు అలెగ్జాండర్ రీడ్ అనే సైనికాధికారిని ఇక్కడికి పంపారు. ఆయన కింద థామస్ మన్రో పనిచేశాడు. తర్వాత మద్రాసు గవర్నరు అయిన మన్రోనే ఈయన. ఏడు సంవత్సరాలు ఈ సీమలో పొలాలు కొలిచారు, రైతులతో మాట్లాడారు, పన్ను ఎంత వేయాలో లెక్కలు కట్టారు. రైతువారీ పద్ధతికి పునాది పడింది ఇక్కడే.

ఆ ఏడేళ్ళలో ఎన్నో ఉత్తరాలు, నివేదికలు, లెక్కలు పోగుపడ్డాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసు ప్రభుత్వం వాటిని ‘బారామహల్ రికార్డ్స్’ అనే పేరుతో భాగాలు భాగాలుగా అచ్చువేసింది. తారీఖు వరసలో కుప్పగా పోయలేదు. జనం ఒక భాగం, పంటలు ఒక భాగం, ఆస్తి ఒక భాగం, పన్నులు ఒక భాగం అని విషయాన్ని బట్టి విడదీశారు. దానివల్ల అప్పుడు ఏ పంట వేసేవాళ్ళో తెలుసుకోవాలంటే అన్ని ఉత్తరాలూ చదవనక్కర్లేదు, పంటల భాగం తీస్తే చాలు.

అయితే ఆ కాగితాలు పన్ను వేసేవాళ్ళు రాసుకున్నవి. వాటిలో రైతు ఎంత కట్టాలో ఉంటుంది గానీ, కట్టలేని సంవత్సరం ఇంట్లో ఏం తిన్నారో ఉండదు. కూలికి రాగులు కొలిచి ఇచ్చిన సంగతి మా తాత లాంటివాళ్ళు చెప్తేనే తెలుస్తుంది. అందుకని సర్కారు కాగితం, తాత మాట రెండూ కావాలి. రెండింటినీ కలిపేయకూడదు, పక్కపక్కన పెట్టుకోవాలి.

కడప బంగళాలో పండితులు

సి.పి. బ్రౌన్ పేరు మనందరికీ తెలుసు. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. వేమన పద్యాలు వెతికినప్పుడు ఒక ప్రతిలో ఉన్న మాట ఇంకో ప్రతిలో ఉండేది కాదు. అప్పుడు ఆయన తనకు నచ్చిన ప్రతి ఒకటి తీసుకుని అచ్చువేయలేదు. దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి, ఒకదానితో ఒకటి సరిచూపించాడు. ఆ తర్వాతనే 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయ్యాయి. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటి పండితులు ఆయనతో కలిసి పనిచేశారు. వాళ్ళకు జీతాలు ఇవ్వడానికి బ్రౌన్ అప్పులు కూడా చేశాడు.

1852లో వచ్చిన ఆయన నిఘంటువు గురించి కూడా ఆలోచించండి. ఒక మాట సంతలో వినిపిస్తుంది, ఇంకోటి కావ్యంలో కనిపిస్తుంది, ఇంకోటి కచేరీ కాగితంలో ఉంటుంది. అవి దొరికే వరస వేరు, పుస్తకంలో రావలసిన అకారాది వరస వేరు. దొరికినవాటిని దొరికినట్టే ఉంచితే అది ఎప్పటికీ నిఘంటువు కాదు. మెకంజీ సేకరణలో మద్రాసుకు వచ్చిన కైఫీయతులు పాడైపోతూ ఉంటే వాటికి మళ్ళీ నకళ్ళు రాయించినవాడు కూడా బ్రౌనే. ఈ రోజు కడపలో ఆయన పేరుతో ఉన్న పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫీయతులను అచ్చువేసింది. బొర్రయ్య, లక్ష్మయ్య తెప్పించినవి ఇన్ని చేతులు మారి మన చేతికి వచ్చాయి.

ఇంకొకరి పేరు కూడా చెప్పాలి. కొమర్రాజు లక్ష్మణరావు గారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించినవారిలో ఆయన ముఖ్యులు. తెలుగువాళ్ళకు ఒక విజ్ఞాన సర్వస్వం ఉండాలని పూనుకుని, ప్రపంచంలోని అన్ని విషయాలనూ అకారాది వరసలో పెట్టడం మొదలుపెట్టారు. 1923లో ఆయన చనిపోయేనాటికి వెలువడిన సంపుటాలు ‘అ’ అక్షరాన్ని దాటలేదు. అంత గొప్పవారికే కాలం చాలలేదు. అందుకని నాకు తోచింది ఒకటే. పని ఒకరి చేతిలో ఆగిపోవచ్చు. తర్వాత వచ్చేవాళ్ళు అందుకోగలిగేలా మన కాగితాలను ఉంచిపోవడం మన చేతిలో ఉంది.

నేను చేసుకున్న పద్ధతి

ఇవన్నీ చదివాక నేను మళ్ళీ మొదటి నుంచి కూర్చున్నాను. సార్ సలహాతో ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఇందులో కంప్యూటరు అక్కర్లేదు. పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు, నాలుగు పాత కవర్లు ఉంటే చాలు.

మొదటిది, ఒక చీటీకి ఒకే సంగతి. చెరువు సంగతి, గుడి సంగతి ఒకే కాగితం మీద ఉంటే దాన్ని ఏ కవరులో పెట్టాలో తెలియదు.

రెండోది, చీటీ పైన నాలుగు సంగతులు తప్పకుండా రాయాలి. ఎవరు చెప్పారు, వాళ్ళ వయసు ఎంత, ఏ రోజు, ఎక్కడ. పుస్తకమైతే పుస్తకం పేరు, రాసినవారి పేరు, అచ్చయిన సంవత్సరం, పేజీ.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. చెప్పినవాళ్ళ మాటను వాళ్ళు చెప్పినట్టే నీలం సిరాతో రాయాలి. ‘దుడ్డు’ అంటే ‘దుడ్డు’ అనే రాయాలి, ‘డబ్బు’ అని దిద్దకూడదు. నా ఊహ ఏదైనా ఉంటే కింద గీత గీసి పెన్సిలుతో రాయాలి. నీలం సిరా వాళ్ళది, పెన్సిలు నాది. ఈ రెండూ ఎప్పటికీ కలవకూడదు.

నాలుగోది, కవర్లు. ఊరి పేరు, నీళ్ళు, గుడి, పండగలు, వలస, పంటలు అని నేను ఆరు కవర్లు పెట్టుకున్నాను. ఒక చీటీ రెండింటికీ పనికొస్తే రెండో కవరులో “ఆ కవరు చూడు” అని చిన్న ముక్క పెడతాను.

ఐదోది, ప్రశ్నల చీటీలు. తెలియనిది ఏదైనా ఉంటే దాన్ని కూడా ఒక చీటీగా రాసి పెట్టాలి. ముందు నేను తెలియనిచోట నా ఊహతో పూడ్చేసేదాన్ని. ఇప్పుడు ఆ ఖాళీ ఖాళీగానే కవరులో ఉంటుంది, నన్ను అడుగుతూ ఉంటుంది.

ఆరోది, రాసే ముందు చీటీలన్నీ నేల మీద పరవాలి. దొరికిన వరసలో కాకుండా చదివేవాళ్ళకు అర్థమయ్యే వరసలో జరుపుకోవాలి. మా అవ్వ ఇది చూసి, “ఏమే, పేకాట ఆడతాండావా?” అని అడిగింది. అవ్వకు చీటీలు చదివి వినిపించాను. అప్పుడు నేను అనుకోని సంగతి ఒకటి జరిగింది.

అవ్వ చెప్పింది

చెరువు చీటీ చదివినప్పుడు అవ్వ మధ్యలో ఆపి, “రాగులు ఒకటే కాదే, కొర్రలు కూడా ఇచ్చినారంట. మీ తాతకు కొర్రలంటే పడదు, అందుకే చెప్పలేదు” అంది. నేను ఎగిరి గంతేశాను. వెంటనే కొత్త చీటీ తీసి అవ్వ పేరు, తారీఖు వేసి, నీలం సిరాతో రాశాను. తర్వాత పక్క వీధిలో ఉండే ఇంకో పెద్దావిడను అడిగాను. ఆమె గింజలు ఏవో తెలియదు గానీ, గట్టుకు మట్టి మోసినవాళ్ళలో బయటి ఊళ్ళవాళ్ళు కూడా ఉన్నారని, కొందరు ఇక్కడే ఉండిపోయారని చెప్పింది. అది నీళ్ళ కవరులోనూ పెట్టాను, వలస కవరులోనూ ఒక ముక్క పెట్టాను.

సంవత్సరం మాత్రం ఎవరూ చెప్పలేదు. 1876–78 కరువు మద్రాసు రాజధానిలో చాలా పెద్దది. సేలం జిల్లాలో కూడా ఎంతోమంది చనిపోయారు. అది మొదలైంది ధాత నామ సంవత్సరంలో కాబట్టి జనం దాన్ని ధాత కరువు అన్నారు. కానీ 1890లలో కూడా కరువులు వచ్చాయి. మా తాత వాళ్ళ తాత చిన్నపిల్లవాడుగా ఉన్న కాలం ఈ రెండింటిలో దేనికైనా సరిపోతుంది. అందుకని రెండోసారి రాసినప్పుడు ఇట్లా రాశాను: “మా ఊరి చెరువు గట్టును కరువు కాలంలో కట్టారని, కూలికి రాగులు కొలిచి ఇచ్చారని మా తాత చెప్పాడు. కొర్రలు కూడా ఇచ్చారని మా అవ్వ చెప్పింది. అది ఏ కరువో తాతను నేను అడిగి రాసుకోలేదు. 1876–78 కరువు కావచ్చునని నా ఊహ.”

ఈసారి సార్ ఎర్ర గీత గీయలేదు. ఆ వాక్యాల పక్కన చిన్న టిక్కు పెట్టి, “లె ఫాను రాసిన సేలం జిల్లా మాన్యువల్ 1883లో అచ్చయింది. పెద్ద కరువు పోయి అప్పటికి ఐదేళ్ళే. అందులో హోసూరు తాలూకా భాగం చూడు. తర్వాత 1918లో రిచర్డ్స్ రాసిన గెజిటీరు చూడు” అని రాశారు. వాటి పేర్లు ఇప్పుడు నా ప్రశ్నల కవరులో ఉన్నాయి. ఈ సెలవుల్లో వాటిని చూడాలి.

మిత్రులారా, మనం తమిళనాడులో తెలుగు చదువుకుంటున్న పిల్లలం. 2006లో వచ్చిన చట్టం తర్వాత బడుల్లో అందరూ తమిళం తప్పక చదవాలి. తమిళం నేర్చుకోవడం మంచిదే, మనం ఉండేది ఇక్కడే కదా. కానీ మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే సంగతులు వాళ్ళు చెప్పిన తెలుగులోనే రాయగలిగినవాళ్ళం మనమే. మన తర్వాత తరగతుల్లో పిల్లలు ఏడాదికేడాది తగ్గుతున్నారు. మనం రాయకపోతే, రాసినా నా మొదటి చీటీల మాదిరి రాస్తే, రేపు ఎవరికి తెలుస్తుంది?

బొర్రయ్యకు మెకంజీ జీతం ఇచ్చాడు. మనకు ఎవరూ ఇవ్వరు. కానీ బొర్రయ్య ఎంతో దూరం నడిచి, తెలియని ఊళ్ళల్లో, తెలియని కరణాలను బతిమాలి అడగాల్సి వచ్చింది. మనం మన ఇంటి అరుగు మీద కూర్చుని మన తాతనే అడగొచ్చు. అడిగేటప్పుడు చేతిలో ఒక మంచి కాగితం పెట్టుకోండి. పైన పేరు, తారీఖు రాసుకోండి. “ఏ సంవత్సరం తాతా?” అని ఇంకొక్క ప్రశ్న అడగండి.

క్యాలెండర్ కాగితాన్ని నేను పారేయలేదు. నీళ్ళ కవరులో అడుగున పెట్టాను. దాని వెనక పెన్సిలుతో ఇట్లా రాశాను: “ఇందులో మూడు మాటలు తాతవి. నాలుగోది ఎవరిదో తెలియదు.”